కొలతకు తగిన పెట్టె

వస్తువును సంపాదించుట ఒక ఎత్తు, దానిని భద్రపరచుట మరొక ఎత్తు. ఈ రెండవ విద్యను మన పాతబస్తీలో లాడ్ బజారు కంటె బాగుగా ఎరిగిన వీథి లేదనవచ్చును. చార్మినారుకు పడమటి దిక్కున ఉన్న ఈ బజారు లక్క గాజులకు పుట్టినిల్లు వంటిది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అయితే మేము ఆ బజారుకు వెళ్ళినది గాజుల కొరకు కాదు, గాజుల పెట్టె కొరకు.

కారణము ఇది. నింటెండో సంస్థ 1983లో జపానులో ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అను విడియో ఆటల యంత్రమును విడుదల చేసినది. దానిని పోలిన నకలు యంత్రాలు 1990 దశకములో మన దేశమునందు ఇంటింటికీ చేరినవి. మాలో ఒకరి తండ్రిగారు జెద్దాలో కొలువు చేయుచు 1994లో అట్టి యంత్రమును, పది కాట్రిడ్జిలను తెచ్చిరి. ప్రతి కాట్రిడ్జి మీద చీటీ అతికించి, ఆట పేరును ఉర్దూలో తమ చేతితో వ్రాసిరి. ఆయన ఇప్పుడు లేరు. ఆ చేవ్రాత మిగిలినది.

భద్రముగా ఉండునని వాటిని రెక్సిన్ పరచిన ఒక పెట్టెలో సర్దితిమి. కొన్నేండ్ల తరువాత తెరచి చూడగా మూడు కాట్రిడ్జిల పెంకులు రెక్సిన్‌కు అతుక్కొని ఉన్నవి. విడదీయుటలో ఒక చీటీ చినిగినది. తప్పు మాదే. రెక్సిన్‌ను మెత్తబరచుటకు కలిపెడి నూనె వంటి పదార్థము కాలక్రమమున బయటికి ఊరి, తనను తాకిన గట్టి ప్లాస్టిక్కును కూడ మెత్తబరచును. మెత్తని స్పాంజి సయితము ఏండ్లు గడచిన కొలది పొడియై, జిగురై అంటుకొనును. మెత్తనిదెల్ల మేలు చేయదని మేము ఆలస్యముగా గ్రహించితిమి.

అప్పుడే లాడ్ బజారు గుర్తుకు వచ్చినది. దుకాణములో మేము పెట్టెల వెల అడుగుచుండగా పెద్దాయన ఉర్దూలో, “బేటా, పెట్టె సంగతి తరువాత. ముందు గాజు కొలత చెప్పండి” అనిరి. మాకు పాఠము అక్కడనే దొరికినది. గాజుల లెక్కలో ‘రెండు–నాలుగు’ అనగా రెండున్నర అంగుళములకు దగ్గరి సంఖ్య కాదు. రెండు అంగుళముల మీద పదహారవ వంతులు నాలుగు, అనగా రెండుంబావు అంగుళములు, సుమారు 57 మిల్లీమీటర్లు. ‘రెండు–ఆరు’ 60 మిల్లీమీటర్లకు కొంచెము పైన. మూడు మిల్లీమీటర్ల తేడాతో గాజు చేతికి ఎక్కదు, లేదా నిలువదు. కొలత వస్తువు నుండి రావలెను, పెట్టె నుండి కాదు.

ఇంటికి వచ్చి కాట్రిడ్జిని కొలిచితిమి. వెడల్పు సుమారు 108, ఎత్తు 70, మందము 17 మిల్లీమీటర్లు. నకలు కాట్రిడ్జిలలో స్వల్ప భేదములుండును గనుక ఎవరి వస్తువును వారే కొలుచుకొనవలెను. మేము కొన్న రెండు వరుసల గాజుల పెట్టె లోపల పొడవు 210, వెడల్పు 160, లోతు 80. ఒక్కొక్క కాట్రిడ్జికి 18 మిల్లీమీటర్ల గది, నడుమ 2 మిల్లీమీటర్ల అడ్డు పలక వంతున లెక్కించగా, పది గదులకు 180, తొమ్మిది పలకలకు 18, మొత్తము 198. మిగిలిన 12 మిల్లీమీటర్లను చివర ఒక దళసరి అట్టతో నింపితిమి.

ముందుగా గాజుల కడ్డీలను తీసి, వాటిని పట్టి ఉంచు లోపలి కొక్కెములను తొలగించితిమి. గాజువలె మెరయు గట్టి ప్లాస్టిక్కు పెళుసుది. పటకారుతో విరిచినచో పగులు గోడ దాకా ప్రాకును. సన్నని రంపపు బ్లేడుతో నిదానముగా కోసి, ఆకురాయితో నునుపు చేయవలెను. కాల్చిన కత్తితో కోయుట తగదు. ఆ పొగ ఊపిరికి హాని.

పలకలకు ప్రకటన బోర్డులకు వాడెడి సన్‌ప్యాక్ షీటును ఎన్నుకొంటిమి. దానికి సామాన్యపు జిగురు అంటదు గనుక జిగురు లేకయే కూర్చితిమి. పొడుగు పలకలు రెండు, అడ్డు పలకలు తొమ్మిది. అన్నిటి ఎత్తు 60. పొడుగు పలకలలో పై సగము, అడ్డు పలకలలో క్రింది సగము గాడి కోసి ఒకదానిలో ఒకటి దిగవేసినచో చట్రము నిలుచును. కాట్రిడ్జి పది మిల్లీమీటర్లు పైకి కనబడును గనుక వ్రేళ్ళతో పట్టి తీయుట సులభము. ప్రక్కన మిగిలిన చోటు తీగలకు, తేమను పీల్చెడి సిలికా పొట్లమునకు సరిపోయినది.

కాట్రిడ్జి అడుగున అరవై లోహపు స్పర్శలు ఉండును. ఆ అంచును క్రిందికి ఉంచినచో దుమ్ము పడదు. ఆట పలుకనపుడు మనమందరము నోటితో ఊదిన వారమే! ఆ ఊపిరిలోని తడి లోహమునకు త్రుప్పు తెచ్చును. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చుటయే సరియైన మార్గము. పెట్టెను ఎండ సోకని చోట ఉంచవలెను. ఎండకు ప్లాస్టిక్కు పసుపు బారును; వేడికి లక్క గాజు కూడ మెత్తబడును. ఈ విషయములో రెండూ అక్కాచెల్లెళ్ళే.

కళాశాల కార్యవర్గమునకు ఒక మనవి. ఆడియో క్యాసెట్టు తన డబ్బాతో సహా ఇంచుమించు ఈ కాట్రిడ్జి కొలతనే కలిగి ఉండును. మన బీరువాలో పాత వార్షికోత్సవముల తెలుగు ప్రసంగములు, ముషాయిరాలు ఉన్న క్యాసెట్లు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నవి. ఇట్టి పెట్టెలు నాలుగు చేయుటకు విద్యార్థులమైన మేము సిద్ధముగా ఉన్నాము. పెట్టెలు, షీట్లు ఇప్పించిన చాలును. చినిగిన చీటీ తిరిగి రాదు. చినుగని వాటిని కాపాడుకొనుట మన చేతిలోనే ఉన్నది.