ఉప్పలపాడు చెరువు: వేసవిలో పక్షులకు నీరే కోట

గుంటూరుకు చేరువలో పెదకాకాని మండలంలో ఉన్నది ఉప్పలపాడు. వేసవి ఉదయం తూరుపు తెల్లబడే వేళకు ఈ ఊరి చెరువు గట్టున నిలబడితే, నీటి మధ్యనున్న తుమ్మచెట్లు విచ్చిన పత్తిచేనులా తెల్లగా కానవస్తాయి. పరికించి చూస్తే కొమ్మకొమ్మకూ గూళ్లు, గూటిగూటికీ పక్షులు!

ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలున్న ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఇక్కడ కలిసి కాపురముంటున్నాయి. చెట్లు చాలకపోవడంతో నీటిలో ఇనుప మంచెలు కూడా నిలిపారు.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ మన దేశంలోనే గుడ్లు పెట్టి పిల్లలను పెంచే పక్షులు. అంటే ఇవి అతిథులు కావు, మనింటి బిడ్డలే.

ఎండ ఎక్కేకొద్దీ చెరువులో సందడి తగ్గుతుంది. తల్లికొంగ రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకు నీడపడుతుంది. గూడబాతు నోరు తెరిచి, గొంతు సంచిని అదేపనిగా ఆడిస్తూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. గుడ్లు పొదగడానికే సుమారు నెల పడుతుంది. పిల్ల రెక్కలొచ్చి ఎగరడానికి మరికొన్ని నెలలు కావాలి. అందాకా చుట్టూ ఉన్న నీరే వాటికి కోట. నీరు ఇంకితే కుక్కలు, పిల్లులు నేరుగా చెట్ల మొదళ్లకు వస్తాయి.

ఒకసారి చెదిరిన పక్షులు మళ్లీ వస్తాయన్న నమ్మకం లేదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు వద్ద గూడబాతుల గూళ్లున్న పెద్ద స్థావరాన్ని 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ చూశారు. 1970వ దశకంలో అది ఖాళీ అయిపోయింది.

రెట్టల వాసన, రేయింబవళ్ల గోల భరిస్తూ ఉప్పలపాడు వాసులు ఈ పక్షులను కాచుకుంటున్నారు. రైతుకూ వీటివల్ల మేలున్నది. నత్తగుల్ల కొంగ వరిచేలలో దిగి నత్తలను ఏరి తింటుంది.

చూడవచ్చేవారు రాళ్లు విసరరాదు, కేకలు వేయరాదు. పక్షులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వేసవికి ముందే మంచినీటి చెరువులు నింపుకున్నట్టు, ఈ చెరువులోనూ నీరు నిలుపుకోవడం అధికారుల బాధ్యత, మనందరి బాధ్యత కూడా.