కామా చాలని చోటు



వార్షికోత్సవ సంచికకు ఏం రాయమంటారని అడిగితే, "ఇంగ్లీషు గురించి రాయండన్నా, పరీక్షలో పనికొచ్చేది రాయండి" అన్నారు మీరు. అందుకే మేము చాలాకాలం చేసిన ఒక తప్పు గురించే రాస్తున్నాం.

ఈ హాస్టల్లో చదివిన మేము ముగ్గురం పి.జి.లో చేరాం. మా ఇళ్లల్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్లం మేమే. మొదటి సెమిస్టర్‌లో అసైన్‌మెంట్లు తిరిగి ఇచ్చినప్పుడు మా ముగ్గురి కాగితాల్లోనూ కామాల చుట్టూ ఎర్ర సున్నాలు కనిపించాయి. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది, టెన్స్ సరిగ్గానే ఉంది. మరి తప్పేమిటో అడగడానికి సిగ్గుపడి వారం రోజులు ఊరుకున్నాం. మాలో ఒకడైతే "మనకు ఇంగ్లీషు రాదులేరా" అని క్లాసులో నోరు విప్పడమే మానేశాడు. చివరికి ముగ్గురం కలిసి వెళ్లి లెక్చరర్‌ని అడిగాం. పది నిమిషాల్లో అర్థమైపోయింది. ఆ తప్పు పేరు కామా స్ప్లైస్.

తప్పు ఎక్కడుంది?

రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించడమే కామా స్ప్లైస్. మేము రాసిన వాక్యం చూడండి:

'ఐ వెంట్ టు మై విలేజ్, ఐ బ్రాట్ ద సర్టిఫికెట్.'

తెలుగులో 'ఊరికి వెళ్లి, సర్టిఫికెట్ తెచ్చాను' అంటాం. 'వెళ్లి' అసమాపక క్రియ. దానితో వాక్యం ముగియదు కాబట్టి అక్కడ కామా సరిపోతుంది. ఇంగ్లీషులో 'ఐ వెంట్' అనగానే అది సమాపక క్రియ అయిపోయింది, వాక్యం పూర్తయింది. మనం క్రియను మార్చాం గాని కామాను అలాగే ఉంచేశాం. అలాగని ఇది మన ఒక్కరి తప్పే కాదు. ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థులు కూడా చేస్తారు.

గుర్తుపట్టడం ఎలా?

కామాకు కుడివైపు భాగాన్ని చేత్తో మూసి ఎడమవైపు చదవండి. తర్వాత ఎడమవైపు మూసి కుడివైపు చదవండి. రెండూ విడివిడిగా పూర్తి వాక్యాలైతే, మధ్యలో కలిపే మాట లేకపోతే, అక్కడ కామా ఒక్కటే చాలదు. 'వెన్ ద బెల్ ర్యాంగ్, వియ్ వెంట్ టు ద మెస్' అన్నప్పుడు మొదటి భాగం ఒంటరిగా నిలబడదు. కాబట్టి ఆ కామా సరైనదే.

దిద్దడం ఎలా?

'ఐ వాజ్ సిక్, ఐ మిస్డ్ ద క్లాస్' అనే తప్పు వాక్యాన్ని నాలుగు విధాలుగా దిద్దవచ్చు.

1. కామా తీసి ఫుల్‌స్టాప్ పెట్టి, తర్వాతి వాక్యాన్ని పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలి. అనుమానం ఉన్నప్పుడు ఇదే సులభం.

2. రెండు వాక్యాలకూ దగ్గరి సంబంధం ఉంటే కామా బదులు సెమికోలన్ పెట్టాలి.

3. కామా ఉంచి, దాని తర్వాత కలిపే మాట చేర్చాలి: 'ఐ వాజ్ సిక్, సో ఐ మిస్డ్ ద క్లాస్.' ఇలాంటి మాటలు ఏడు: ఫర్, ఆండ్, నార్, బట్, ఆర్, యెట్, సో.

4. ఒక వాక్యాన్ని రెండోదానిపై ఆధారపడేలా మార్చాలి: 'బికాజ్ ఐ వాజ్ సిక్, ఐ మిస్డ్ ద క్లాస్.'

ఒక్క జాగ్రత్త. 'హౌఎవర్', 'దేర్‌ఫోర్' ఆ ఏడింటిలో లేవు. రెండు వాక్యాల మధ్య ఇవి వస్తే ముందు ఫుల్‌స్టాప్ గాని సెమికోలన్ గాని, తర్వాత కామా పెట్టాలి. కథల్లో, నవలల్లో రచయితలు కావాలనే కామాలతో వాక్యాలు కలపడం మీకు కనిపించవచ్చు. పరీక్ష పేపర్లో, ఉద్యోగ దరఖాస్తులో మనం ఆ పని చేయవద్దు.

ఇప్పుడు మీ వంతు: 'ద వార్డెన్ కేమ్, వియ్ స్టుడ్ అప్.' దీన్ని నాలుగు విధాలా దిద్ది చూడండి.

ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు మాకు లేరు, మీలో చాలామందికీ లేరు. కాబట్టి కాగితం మీద ఎర్ర సున్నా కనిపిస్తే మాలా వారం రోజులు ఆగకండి. ఆ రోజే వెళ్లి అడగండి. నోరు విప్పడం మానేసిన మా మిత్రుడు ఇప్పుడు మా కాగితాలు దిద్దుతున్నాడు.