చిన్న నమూనా, టి విభాజనం: బొగ్గు బూడిద ఉదాహరణ
రామగిరి మండలం సింగరేణి బొగ్గు ప్రాంతంలోనిది. బూడిద శాతాన్ని బట్టి బొగ్గు నాణ్యత మారుతుంది. పరీక్షించగల నమూనాలు మాత్రం కొన్నే. ఇట్టి చిన్న నమూనాల కొరకే డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగార ఉద్యోగి విలియం గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే కలంపేరుతో టి విభాజనానికి పునాది వేశాడు.

ఒక ఊహా ఉదాహరణ: సగటు బూడిద 34 శాతమన్నది శూన్య పరికల్పన. 9 నమూనాల సగటు 36.1, ప్రామాణిక విచలనం 3. విచలనాన్ని 9 వర్గమూలంతో భాగిస్తే 1. సగటుల తేడా 2.1ను దానితో భాగించగా టి విలువ 2.1.

5 శాతం సార్థకతా స్థాయిలో, ద్విపార్శ్వ పరీక్షకు సామాన్య విభాజనపు హద్దు 1.96, దాని ప్రకారం పరికల్పనను తిరస్కరించాలి. కాని విచలనాన్ని నమూనా నుండే అంచనా వేసినందున, 8 స్వేచ్ఛాంశాల టి హద్దు 2.306 వర్తిస్తుంది, తిరస్కరించలేము. అంతమాత్రాన 34 శాతం రుజువైనట్లు కాదు, సాక్ష్యం చాలలేదని మాత్రమే అర్థం.