ఇంట్లో మరాఠీ, రంగస్థలం మీద తెలుగు

హైదరాబాద్ బహదూర్‌పురాలో నేను తెలుగు చెప్పే బడిలో ఎక్కువమంది పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. ‘తెలుగు మాది కాదు కదా టీచర్’ అని ఎవరైనా అంటే, నేను వాళ్లకు సురభి వాళ్ల కథ చెబుతాను. నూట ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పద్యనాటకాన్ని ఊరూరా తిప్పిన ఆ కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ.

వాళ్ల పెద్దలు మరాఠా ప్రాంతం నుంచి వచ్చి, తోలుబొమ్మలాట ఆడుకుంటూ రాయలసీమలో స్థిరపడ్డారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో, ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు తనవాళ్లతో ‘కీచక వధ’ ఆడించారు. అంతవరకూ బొమ్మల వెనక పాడిన గొంతులు ఆ రాత్రి జనం ముందుకొచ్చాయి. ఆ ఊరి పేరే వాళ్ల నాటక సమాజాలన్నిటికీ పేరైంది.

అప్పట్లో తెలుగు నాటకంలో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు. సురభిలో మాత్రం ఆడవాళ్లే కట్టారు. సమాజమంటే కుటుంబమే కాబట్టి అక్కచెల్లెళ్లు, వదినలు, కోడళ్లు అందరూ నటులే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా కనిపించిన సురభి కమలాబాయి ఈ బడిలోనే పెరిగింది.

కుటుంబం పెరిగేకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి. ఒక దశలో నలభైకి పైగా ఉండేవి. ఊళ్లో ఖాళీ జాగా చూసుకుని పందిరి వేసేవారు, దాని వెనకే కాపురం. ప్రేక్షకులు వచ్చినన్నాళ్లు ఉండి, పలచబడగానే తెరలు, పెట్టెలు, పిల్లాపాపలతో ఇంకో ఊరికి బయల్దేరేవారు. వచ్చిన టికెట్ డబ్బు తిండికి, తెరలకు, తర్వాతి ప్రయాణానికే సరిపోయేది. ఇక్కడ ఒక మనిషికి ఒకే పని అంటూ ఉండదు. చిన్నప్పుడు బాలకృష్ణుడి వేషం వేసినవాడే పెద్దయ్యాక అర్జునుడవుతాడు, తన సీను లేనప్పుడు తెర లాగుతాడు, లైటు పట్టుకుంటాడు.

‘మాయాబజార్’ నాటకం చూస్తే వాళ్ల పనితనం తెలుస్తుంది. ఘటోత్కచుడు నోరు తెరిస్తే లడ్డూలు ఎగిరొచ్చి అందులో పడతాయి. బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలతాయి. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ఇవన్నీ తీగలు, కప్పీలు, రంగుల తెరలు, వెనక ఉన్న మనుషుల చేతివాటంతో జరిగేవే. తాళం ఒక్క క్షణం తప్పితే లడ్డూ నేలమీద పడుతుంది.

సినిమా వచ్చాక, తర్వాత టీవీ వచ్చాక ఒక్కొక్క సమాజమే మూతపడింది. ఇప్పుడు మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని బాబ్జీగా అందరికీ తెలిసిన ఆర్. నాగేశ్వరరావు దశాబ్దాలపాటు కాపాడారు. 2013లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2022లో కన్నుమూశారు. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులతో ‘భీష్మ’, ‘చండీప్రియ’తో పాటు, జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ కూడా చేయించారు. పౌరాణికాలకు అలవాటుపడిన ఆ గొంతులు బస్తీ కథనూ పలికించగలవని అప్పుడు తేలింది.

హైదరాబాద్‌లో సురభి కుటుంబాలు శేరిలింగంపల్లిలో ఉంటున్నాయి. మాకు దారి తేలిక: ఫలక్‌నుమాలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కితే నేరుగా లింగంపల్లిలో దిగొచ్చు. పిల్లల్ని అలాగే తీసుకెళ్లి ‘మాయాబజార్’ చూపించాను. పద్యాలు సగం అర్థం కాకపోయినా ఎవరూ కదల్లేదు. ఆట అయ్యాక నటులు తమలో తాము మరాఠీలో మాట్లాడుకోవడం విని ఒక పాప, ‘వీళ్లదీ మనలాగే వేరే భాషే, టీచర్!’ అంది. ఆ తర్వాత మా క్లాసులో పద్యం చదవమంటే లేచేవాళ్లు పెరిగారు.

పుట్టుకతో వచ్చినవాళ్లకే భాష సొంతం అనుకోవడం పొరపాటు. రోజూ దాంతో పని చేసేవాళ్లందరికీ అది సొంతమే. సురభి అందుకు నిలువెత్తు సాక్ష్యం. బిరుదులూ సన్మానాలూ ఆ కళకు గౌరవం తెచ్చాయి, కానీ పందిట్లో దీపం వెలగాలంటే కుర్చీలు నిండాలి. ఈసారి సురభి నాటకం ఉందని తెలిస్తే టికెట్ కొనుక్కుని వెళ్లండి, మీ పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.