చెరువును ఇంటికి మోయొద్దు!

బొచ్చె, శీలావతి... కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన చేపలు ఐసులో సర్దుకుని, లారీలెక్కి కోల్‌కతా దాకా వెళ్తాయి. ఏ రైతు చేప ఎన్ని కిలోలు, ఐసుకెంత, కిరాయికెంత, ఇంకా ఎవరికెంత బాకీ... ప్రతి లోడుకీ బోలెడన్ని లెక్కలు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లోనైనా, ఏలూరు రైసుమిల్లుల్లోనైనా అంతే. ఈ లెక్కలకి ఎక్సెల్ హాయిగా ఉంటుంది. కానీ ఏళ్లు గడిచి లెక్కలు లక్షల వరుసలైతే?

నిండితే అంతే!
ఎక్సెల్ 2003 వరకూ ఒక షీటులో 65,536 వరుసలే పట్టేవి. 2007 నుంచి 10,48,576. ఆ హద్దు మర్చిపోతే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్ చూసింది. పాతరకం ఎక్సెల్ ఫైలు నిండిపోవడంతో 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. ఆ రోగులను కలిసినవారిని వెతకడమూ ఆలస్యమైంది. మన దగ్గర అలా తప్పిపోయేది ఓ రైతుకి రావాల్సిన సొమ్ము కావచ్చు.

లెక్కల గిడ్డంగి
దీనికి విరుగుడు రిలేషనల్ డేటాబేస్. 1970లో ఐబీఎం శాస్త్రవేత్త ఎడ్గార్ కాడ్ చెప్పిన పద్ధతి ఇది. రైతులకో పట్టిక, లోడ్లకో పట్టిక, చెల్లింపులకో పట్టిక. రైతు పేరు ఒక్కచోటే ఉంటుంది. మిగతా పట్టికల్లో అతని నంబరుంటే చాలు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి.

అలాగని ఎక్సెల్ మానక్కర్లేదు. ఓడీబీసీ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ రెండింటికీ వంతెన వేస్తుంది. ఎక్సెల్ ‘డేటా’ మెనూలోని ‘గెట్ డేటా’తో డేటాబేస్‌ని ప్రశ్న అడగొచ్చు. ‘రిఫ్రెష్’ నొక్కితే తాజా జవాబు వస్తుంది.

జవాబు రాకపోతే..?
అయిదేళ్ల లెక్క అడిగితే ఒక్కోసారి తెర బిగుసుకుపోతుంది. ఏడీఓ పద్ధతిలో మాక్రో రాసి అడిగితే 30 సెకన్లకే ఆగిపోతుంది. ఆ గడువు అందులో ముందే పెట్టి ఉంటుంది. దాన్ని పెంచుకోవచ్చు. కానీ ముందు చూడాల్సింది మన ప్రశ్నని.

* అయిదు లక్షల వరుసలు తెచ్చుకుని ఇక్కడ కూడొద్దు. ‘గ్రూప్ బై’తో అక్కడే కూడించి, రైతుకో వరుస చొప్పున తెప్పించుకోండి.
* తేదీకి, రైతు నంబరుకి ఇండెక్స్ పెట్టండి. పుస్తకం చివర విషయసూచికలా కావాల్సిన పేజీ చప్పున దొరుకుతుంది.
* మరీ పెద్ద ప్రశ్నలను రాత్రిపూట నడిపి, జవాబుని చిన్న పట్టికలో దాచండి. పగలు ఎక్సెల్ దాన్ని చదువుకుంటుంది.
* ఎక్సెల్‌కి చదివే అనుమతి మాత్రమే ఇవ్వండి. పొరపాటున వేలు తగిలినా అసలు లెక్క చెరగదు.

నమ్మేముందు ఓ నెల లెక్కని పాత చిట్టాతో సరిచూసుకోవడం మాత్రం మరవద్దు. ఇంట్లో కంప్యూటర్ చదువుకున్న పిల్లలుంటే వాళ్లకే అప్పగించండి. చేప కావాలంటే వల వేస్తాం... చెరువుని ఎత్తుకురాం కదా!