అలోన్, లోన్లీ ఒకటేనా? మెసేజ్ పెట్టేముందు ఇది చూడండి!

ఇంట్లో ఎవరూ లేరని చెప్పడానికి కొందరు 'ఐయామ్ లోన్లీ' అని మెసేజ్ పెట్టేస్తుంటారు. చదివినవాళ్లకు కంగారే మరి! అలోన్ అంటే పక్కన మనిషి లేకపోవడం, అంతే. 'ఆల్', 'వన్' కలిసి పుట్టిన మాట ఇది. బాధ ఉండాలనేం లేదు. లోన్లీ అలా కాదు, మనసులో వెలితి. పెళ్లింట్లో వందమంది మధ్య ఉన్నా లోన్లీగా అనిపించొచ్చు. ఈ సమస్య ఎంత పెద్దదంటే 2018లో బ్రిటన్, 2021లో జపాన్ దీని బాధ్యతను ఏకంగా మంత్రులకే అప్పగించాయి. అందుకే హాస్టల్‌లో ఉన్న ఫ్రెండ్ 'లోన్లీ' అంటే లైట్ తీసుకోకండి, వెంటనే ఫోన్ చేయండి. ఇక సాలిట్యూడ్ అంటే కోరి తెచ్చుకున్న ఏకాంతం. ఫోన్ పక్కన పడేసి డాబా మీద ఒక్కరే ప్రశాంతంగా కూర్చోవడం లాంటిది. అయితే కొత్త జంట కోరుకునే ఏకాంతాన్ని మాత్రం సాలిట్యూడ్ అనేయకండి. దాన్ని ప్రైవసీ అంటారు!