పల్లె గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకములు

అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా సున్నపురాతిని తొలిచి గుహలుగా మలచి, తాటిపూడి జలాశయమును నింపి దిగివచ్చు గోస్తనీ నది, భీమునిపట్టణమువద్ద సముద్రమును చేరుటకు కొంచెము ముందు తగరపువలసను తాకి పోవుచున్నది. ఒక ప్రక్క విశాఖపట్టణము, మరియొక ప్రక్క విజయనగరము. నడుమ పెద్ద రహదారి మీద ఈ ఊరు. ఈ ప్రాంతపు గోగునారకు దేశదేశముల వర్తకులు 'బిమ్లీ జూట్' అని పేరు పెట్టిరి. ఆ పేరులోని బిమ్లీ మన భీమునిపట్టణమే. తగరపువలసను ఆనుకొనియున్న చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడినది. తాతలు మిల్లులో నార వడికిన ఇండ్ల పిల్లలు నేడు కళాశాలలకు పోవుచున్నారు. పోటీ పరీక్షలకు చదువుచున్నారు. వారి వెనుక బడి పిల్లలు వచ్చుచున్నారు.

ఇట్టి ఊరి గ్రంథాలయమునకు క్రొత్త పుస్తకముల కట్ట వచ్చినదనగా దాని అర్థమేమి? దానిని ఎవరి సొమ్ముతో కొనిరి? కట్ట విప్పిన పిమ్మట ఏమి జరుగును? అన్నింటికంటె ముఖ్యముగా, ఆ పుస్తకములు ఎవరి చేతికి చేరును? ఈ ప్రశ్నలు గ్రంథపాలకునికి మాత్రమే సంబంధించినవని తలచుట పొరపాటు. బడికిని గ్రంథాలయమునకును మన దేశములో మొదటినుండియు విడదీయరాని చుట్టరికము కలదు.

ఆ చుట్టరికమునకు మొదటి సాక్ష్యము విశాఖపట్టణముననే ఉన్నది. 1886లో అచ్చట గ్రంథాలయమును నెలకొల్పిన మంతిన ఆదినారాయణమూర్తి ఒక పాఠశాలోపాధ్యాయుడు. ఆంధ్రదేశమున ప్రజల కొరకు వెలసిన గ్రంథాలయములలో దానిని మొట్టమొదటిదిగా గ్రంథాలయోద్యమ చరిత్రకారులు పేర్కొందురు. 1897లో పశ్చిమ గోదావరి ప్రాంతమున కుముదవల్లి అను పల్లెలో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయము వెలసినది. పట్టణమునకే తగినదని తలచిన సంస్థ పల్లెలోను నిలువగలదని ఆ ఊరు చూపినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. చిలకమర్తి లక్ష్మీనరసింహము అధ్యక్షతను జరిగిన ఆ మహాసభకు ప్రాణము వంటివాడు అయ్యంకి వెంకటరమణయ్య. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు మండలమున పుస్తకములను పడవకెక్కించి కాలువ గట్టుల వెంబడి ఊరూరికి పంపెను. చదువరి గ్రంథాలయమునకు రాలేనిచో గ్రంథాలయమే చదువరి కడకు పోవలెనని ఆ తరమువారి పట్టుదల.

మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1924లో గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ అంతకు ముందు గణితోపాధ్యాయుడు. 1931లో ఆయన ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రములు నేటికిని ప్రపంచమంతట ఆ శాస్త్రమునకు పునాదిగా నిలిచియున్నవి. ఆ అయిదింటిలో రెండు జంటగా నడచును: ఏ చదువరియు తనకు తగిన పుస్తకము లేక వెనుదిరుగరాదనుట ఒకటి, ఏ పుస్తకమును తనకు తగిన చదువరి లేక బీరువాలో పడియుండరాదనుట మరియొకటి. మొదటిది సులభముగా అర్థమగును. రెండవది తరచుగా మరుపునకు వచ్చును.

ఇక సొమ్ము సంగతి. గ్రంథాలయములు దాతల దయమీద మాత్రమే బ్రతుకరాదని తలచి 1948లో మద్రాసు రాష్ట్రము పౌర గ్రంథాలయ చట్టమును చేసినది. 1955లో హైదరాబాదు రాష్ట్రము అట్టి చట్టమునే చేసినది. ఆ రెంటిని కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టము వచ్చినది. దాని ననుసరించి ప్రతి జిల్లాకు ఒక జిల్లా గ్రంథాలయ సంస్థ ఏర్పడినది. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు కలిపి వసూలు చేయుదురు. వెయ్యి రూపాయల పన్ను కట్టు గృహస్థు 80 రూపాయలు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాడన్నమాట. అతడు అక్షరము రానివాడైనను సరే, గ్రంథాలయపు గడప త్రొక్కనివాడైనను సరే, ఆ ఇచ్చుట తప్పదు. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ మొత్తము జిల్లా సంస్థకు సకాలమున జమకాకపోవుట తరచుగా వినవచ్చు చిక్కు. జమయైన సొమ్ములోనుండియే జీతములు, పత్రికలు, పుస్తకములు గడవవలెను. దీనికి తోడుగా 1972లో కలకత్తాలో నెలకొల్పబడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానము రాష్ట్రములతో కలిసి పుస్తకముల కొనుగోలుకు సహాయము చేయుచున్నది.

కాబట్టి క్రొత్త పుస్తకము ఎవరో పంపిన కానుక కాదు. ఊరివారు ముందే వెల చెల్లించి తెప్పించుకొన్న వస్తువది. సంతలో వెల యిచ్చి కొన్న బియ్యమును అంగడిలోనే విడిచి వచ్చు గృహస్థు ఉండడు. వెల యిచ్చిన పుస్తకమును బీరువాలో విడిచిపెట్టు ఊళ్లు మాత్రము అనేకములు.

పుస్తకము కట్టలోనుండి బయటపడిన పిమ్మట నడచు పద్ధతిని విద్యార్థులు ఒకసారి కన్నులార చూడదగును. ముందుగా దానిని యాక్సెషన్ రిజిస్టరులో వ్రాయుదురు: వరుస సంఖ్య, తేదీ, గ్రంథకర్త పేరు, పుస్తకము పేరు, ప్రకాశకులు, వెల. ఆ వరుస సంఖ్య ఆ ప్రతికి జన్మసంఖ్య వంటిది. మరియొక ప్రతికి అది రాదు. పిమ్మట గ్రంథాలయపు ముద్ర వేయుదురు. తరువాత విషయమును బట్టి వర్గసంఖ్య నిత్తురు. అమెరికావాడైన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో సాహిత్యమునకు 800. అందు ద్రావిడ భాషల సాహిత్యమునకు 894.8, తెలుగునకు 894.827. ఇంగ్లీషు సాహిత్యమునకు 820 అని మూడంకెలతో సరిపోగా మన సాహిత్యమునకు ఆరంకెలు పట్టుచున్నవి. ఎవరు ఎచ్చట కూర్చుండి లోకమును పంచిరో ఆ అంకెలే చెప్పుచున్నవి. తరగతిలో దశాంశములు నేర్చుకొను బాలునికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము. చివరకు పుస్తకము లోపలి అట్టమీద తేదీ చీటి అతికింతురు. పుస్తకము బయటకు పోయినపుడెల్ల దానిమీద ఒక తేదీ పడును. పుస్తకము యొక్క జాతకము ఆ చీటియే.

క్రొత్త పుస్తకముల ఎంపికలో నేడు ఒక పెనుగులాట కనబడుచున్నది. పోటీ పరీక్షల పుస్తకములు కావలెనని యువకులు అడుగుదురు. ఆ కోరిక న్యాయమైనదే. మిల్లు మూతపడిన ఊరిలో ఉద్యోగమునకు దారి చూపు పుస్తకమును చిన్నచూపు చూడరాదు. వేలకు వేలు శిక్షణ రుసుము చెల్లింపలేని వానికి గ్రంథాలయపు బల్లయే శిక్షణాలయము. అయితే పరీక్షల పుస్తకము ఏటేట పాతబడును. చట్టములు మారును, పాఠ్యప్రణాళిక మారును, మరుసటి ఏడు మరల కొనవలసి వచ్చును. ఉన్న సొమ్మంతయు దానికే పోయినచో పదేండ్ల బాలికకు ఏమి మిగులును? ఆమె అడుగ నేర్చినది కాదు. అడిగెడువారి గొంతు వినబడునపుడు అడుగలేనివారి వంతు తరుగుట సహజము. ఆమె పక్షమున అడుగవలసినవాడు ఉపాధ్యాయుడు.

అడుగుటకు తగిన పుస్తకములు లేవా? కావలసినన్ని ఉన్నవి. కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారమును 2023లో డి.కె. చదువుల బాబు 'వజ్రాల వాన'కును, 2024లో చంద్రశేఖర ఆజాద్ 'మాయాలోకం'నకును ఇచ్చినది. ఢావ్లో అను కథల పుస్తకముతో రమేశ్ కార్తీక్ నాయక్ 2024లో యువ పురస్కారము నందెను; లంబాడా తండాల బ్రతుకును తెలుగు కథలోనికి తెచ్చిన పుస్తకమది. పెద్దల కొరకు తల్లావఝల పతంజలిశాస్త్రి 'రామేశ్వరం కాకులు' ఉన్నది. 2023 అకాడమీ పురస్కారము దానిదే. ఉపాధ్యాయులు తమ కొరకు కూడ అడుగవచ్చును. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి బధేకా 1932లో వ్రాసిన పుస్తకము 'పగటికల'గాను, జపాను రచయిత్రి తెత్సుకో కురోయానాగి 1981లో తన చిన్ననాటి బడినిగూర్చి వ్రాసిన పుస్తకము 'రైలుబడి'గాను తెలుగులోనికి వచ్చినవి. ఉత్తరాంధ్ర గిరిజన బాలుర చదువునకై తాను పడిన పాటును వాడ్రేవు చినవీరభద్రుడు 'కొన్ని కలలు, కొన్ని మెలకువలు'లో చెప్పెను. బోధనాశాస్త్ర గ్రంథములు చెప్పని విషయములు అనేకములు వీనిలో కలవు.

ఇచ్చట ఒక మాట విచారింపవలెను. గ్రంథాలయమునకు క్రొత్తది అనగా ఈ సంవత్సరము అచ్చయినది అని కాదు. 'కన్యాశుల్కము' మొదటికూర్పు 1897లో వెలువడినది. నేడు తొమ్మిదవ తరగతి బాలుడు దానిని మొదటిసారి తెరచినపుడు అతనికది నిన్నటి పుస్తకమే. తగరపువలసవంటి ఊరికి ఈ సంగతి మరింత అవసరము. గురజాడ, చాగంటి సోమయాజులు విజయనగరమువారు. రావిశాస్త్రి విశాఖవాడు. వీరి రచనలలో ఈ నేలమీది మాట, ఈ నేలమీది యాస అచ్చులోనికెక్కినవి. ఇంటిలో అమ్మమ్మ పలుకు మాటనే బడిలో బాలుడు పలికినపుడు అది తప్పని దిద్దుట కద్దు. అదే మాట పుస్తకములో పెద్ద రచయిత వ్రాయగా చూచిన బాలుడు తన ఇంటిని, తన వారిని మరియొక కంటితో చూచును. తన భాష సిగ్గుపడదగినది కాదని అతనికి ఎవరును ఉపన్యసింపనక్కరలేదు. అట్టి పుస్తకముల పాత ప్రతులు చినిగిపోయిన పిమ్మట మరల తెప్పింపనిచో ఆ ఊరి బాలుడు తన సొంత ఊరి సాహిత్యమునకే పరాయివాడగును.

ఈ సత్యమును ఎరిగి ఆచరించినవాడు మరియొక లెక్కల మాస్టారు. 'యజ్ఞము' కథ వ్రాసిన కాళీపట్నం రామారావు విశాఖపట్టణములోని ఉన్నత పాఠశాలలో దీర్ఘకాలము పాఠములు చెప్పెను. తెలుగులో అచ్చయిన ప్రతి కథయు ఒకచోట దొరకవలెనను కోరికతో 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించెను. 2021లో ఆయన కన్నుమూసినను కథానిలయము నిలిచియున్నది. మంతిన ఆదినారాయణమూర్తి, రంగనాథన్, రామారావు – ముగ్గురును బడి బల్లముందు నిలిచినవారే. పుస్తకమునకును పిల్లవానికిని నడుమనున్న దూరము ఎంతయో దినదినమును కొలిచి చూచు అవకాశము ఉపాధ్యాయునికున్నట్లు మరియొకరికి లేదు.

ఆ దూరమును తగ్గించుటకు పెద్ద ధనము అవసరము లేదు. క్రొత్త పుస్తకములు వచ్చిన వారము వానిని బీరువాలో పెట్టక, అట్టలు కనబడునట్లు వాకిటి బల్లమీద పరచవచ్చును. ఉపాధ్యాయుడు ఒక పుస్తకమును తరగతికి తెచ్చి, అయిదు నిమిషములు చదివి, కథ ముడిపడినచోట ఆపివేయవచ్చును. మిగిలినది ఎచ్చట దొరకునో పిల్లలే కనుగొందురు. నెలకొకసారి తరగతిని గ్రంథాలయమునకు నడిపించుకొని పోవచ్చును. సభ్యత్వపు కాగితము నింపుట ఉత్తరము వ్రాయుటవలెనే నేర్పదగిన విద్య. చదివిన పుస్తకమునుగూర్చి పది పంక్తులు వ్రాసిన విద్యార్థి కాగితమును గ్రంథాలయపు గోడకు అంటించినచో, తరువాతి చదువరికి అంతకంటె నమ్మదగిన సిఫారసు లేదు. నవంబరు 14 నుండి 20 వరకు ఏటేట జరుగు గ్రంథాలయ వారోత్సవములు బహుమతుల పంపకముతో ముగిసిపోక, ఊరికి కావలసిన పుస్తకముల పట్టికను తయారుచేయుటకు ఉపయోగపడవచ్చును. ఆ పట్టికను వ్రాతమూలముగా జిల్లా సంస్థకు పంపినచో, మరుసటి కొనుగోలునాడు అడిగినవారు ఉన్నారని తెలియును. అడిగినవారు లేనిచోట ఎంపిక వేరెవరో చేయుదురు.

పుస్తకము కొనుట సంస్థ చేయగలదు. దానిని చదివించుట సంస్థవలన కాదు. యాక్సెషన్ రిజిస్టరులో సంఖ్య పడినంతమాత్రమున పుస్తకము ఊరిలో చేరినట్లు కాదు. ఏండ్లు గడచినను మడత విప్పని పుటలతో, ఒక్క తేదీయు లేని చీటితో నిలిచిన పుస్తకము పేరునకు క్రొత్తదే. ఆ క్రొత్తదనము ఊరికి నష్టము. అట్టలు నలిగి, మూలలు మడిగి, చీటినిండ తేదీలు నిండిన పుస్తకము చూచుటకు పాతది. ఊరిసొమ్ము సార్థకమైనదనుటకు సాక్ష్యమది. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయపు వంతు ఎప్పుడో చెల్లినది. తేదీ చీటిమీద తొలిముద్ర పడుట ఇక మిగిలియున్నది.